వాణిజ్యవిద్య వారధి దాటవలెను

జొన్నాడ యొద్ద గౌతమిపై నున్న వారధి కోనసీమకు సింహద్వారము వంటిది. ఆ వారధి కొసను ఒక జాముసేపు నిలిచి చూచినవారికి మన సీమ యార్థికస్థితి ఏ గ్రంథమును చదువకయే బోధపడును. రావులపాలెమునుండి అరటిగెలల లారీలు వచ్చును. అంబాజీపేట వైపునుండి కొబ్బరికాయల లారీలు వచ్చును. వాని వెనుకనే పట్టములు చేతబట్టుకొని హైదరాబాదునకో బెంగళూరునకో ఉద్యోగార్థమై పోవు యువకుల బస్సులు వచ్చును. కాయయు పోవుచున్నది, కాయకు విలువ కూర్పగల బుద్ధియు దానితోడనే పోవుచున్నది. ఎదురుగా వచ్చు లారీలలో నేమి వచ్చుచున్నదని విచారింతుము గదా, సీసాలలో నింపిన కొబ్బరినూనె, పొట్లములలో మూసిన అరటి చిప్సు, కొబ్బరిపీచుతో చేసిన పరుపులు! మనము పచ్చిసరకుగా పంపు వస్తువే అన్యత్ర పేరు పెట్టించుకొని, వెల పెంచుకొని, మన యంగళ్లకు చుట్టమై తిరిగి వచ్చుచున్నది.

దీనికి మన నేలను నిందింప వీలులేదు. నీటిని నిందించుట అంతకన్న తగదు. మన రైతు సోమరి యనువాడు దింపు కార్మికుడు చెట్టెక్కుటను ఒక్క మారైనను చూచియుండడు. లోపము మన విద్యలో నున్నది. వాణిజ్యమును బోధించు పాఠశాలలు మనకు లేక కాదు. ఉన్నవి ఈ వారధి దాటి రాకపోవుటయే ఆ లోపమని మా యభిప్రాయము.

వాణిజ్యమునకు ప్రత్యేకముగా విద్యాలయము లుండవలెనను తలంపు అమెరికాలో 1881లో వార్టన్ పాఠశాలతో రూపొంది, 1908లో హార్వర్డు బిజినెస్ స్కూలుతో బలపడినది. మన దేశమున 1913లో బొంబాయిలో సిడెన్‌హామ్ కళాశాల వెలసినది. మన ఆంధ్ర విశ్వవిద్యాలయము 1957లోనే ఎం.బి.ఏ. తరగతులు తెరచి, ఈ విషయమున దేశమందలి తొలివారిలో ఒకటిగా నిలిచినది. 1961లో కలకత్తా, అహమ్మదాబాదు నగరములందు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మేనేజిమెంటు సంస్థలును, 2001లో హైదరాబాదున ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్సును, 2015లో విశాఖపట్టణమున ఐ.ఐ.ఎం.ను ఏర్పడినవి. వీనికి తోడు చిన్న పట్టణములందు సైతము ఎం.బి.ఏ. కళాశాలలు నెలకొన్నవి. కావున పాఠశాలలు తక్కువయని ఎవ్వరును అనజాలరు.

ఈ విద్యాలయములు నేడు రెండు విషయములను ముఖ్యముగా బోధించుచున్నవి. మొదటిది నవకల్పన నిర్వహణ. క్రొత్త వస్తువునైనను క్రొత్త పద్ధతినైనను యోచించి, పరీక్షించి, విపణికి చేర్చు క్రమము నిది నేర్పును. రెండవది వ్యవస్థాపకత. ఒకరి క్రింద కొలువు చేయుటకు మారుగా తానే ఒక వ్యాపారమునకు పూనుకొని, నష్టభయమును వహించి, పదిమందికి పని కల్పించు నేర్పు అది. విషయములు రెండును శ్లాఘ్యములే. కాని వానిని నేర్చుకొను తీరు చూడుడు. అమెరికాలోని ఒక సంస్థ లాభనష్టములను కంఠపాఠముగా వల్లించు విద్యార్థి అంబాజీపేటలో ఆనాడు వేయి కాయల ధర యెంతో చెప్పజాలడు. వ్యవస్థాపకతలో ప్రథమశ్రేణి మార్కులు పొందినవాడు ఆ మార్కుల పత్రమునే జతపరచి పరుల కంపెనీకి ఉద్యోగపు దరఖాస్తు పంపుచున్నాడు. ఇందు విద్యార్థి దోషము స్వల్పము. ఈత నేర్పెదమని చెప్పి గదిలో కూర్చుండబెట్టి నదీవర్ణనము చేసిన గురువుదే దోష మధికము.

అసలు వ్యాపారసాహసము నేర్పిన వచ్చునదియేనా యను ప్రశ్న యొకటి కలదు. మన పెద్దలలో పలువురు అది పుట్టుకతో రావలెనందురు; ఒక కులమునకు అబ్బునది మరియొక కులమునకు అబ్బదందురు. ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకు ప్రపంచమున జరిగిన ప్రయత్నములలో మిక్కిలి ప్రసిద్ధమైనది మన గోదావరీ మండలముననే జరిగినదని మనవారిలో నెందరెరుగుదురు? హార్వర్డు విశ్వవిద్యాలయపు మనస్తత్వ శాస్త్రజ్ఞుడు డేవిడ్ మెక్లెలండ్ 1961లో ఒక గ్రంథము ప్రకటించి, దేశముల యభ్యుదయమునకు ధనముకన్న, ఖనిజములకన్న, జనుల మనస్సులలోని కార్యసిద్ధి కాంక్ష ముఖ్యకారణమని వాదించెను. ఆ కాంక్షను పెద్దవారిలో సైతము శిక్షణచే పెంపొందింపవచ్చునా యని పరీక్షించుటకు ఆయన యెన్నుకొన్న పట్టణములలో మన కాకినాడ యొకటి. 1960లో దిల్లీలో పుట్టి 1962లో హైదరాబాదునకు తరలి వచ్చిన చిన్నపరిశ్రమల శిక్షణ సంస్థలో, 1964లో కాకినాడ వర్తకులకును చిన్న పరిశ్రమల యజమానులకును జట్టులు జట్టులుగా శిక్షణ నిచ్చిరి. శిక్షణ కాలము దాదాపు పదిదినములు మాత్రమే. శిక్షణ పొందని రాజమహేంద్రవరపు వర్తకులతో వారిని పోల్చి చూచిరి.

ఆ పది దినములలో వారికి వాణిజ్యశాస్త్రము బోధింపలేదు. బొమ్మలు చూపి కథలు వ్రాయించిరి. ఆ కథలలో తమ మనస్సు ఏ దెసకు మొగ్గుచున్నదో తామే గుర్తెరుంగునట్లు చేసిరి. ఎవరి గమ్యమును వారిచేతనే నిర్ణయింపజేసి, కాలపరిమితితో వ్రాయించిరి. మెక్లెలండ్ పద్ధతిలో ప్రసిద్ధమైన ఆట యొకటి కలదు. మేకునకు వలయములను విసరవలెను. ఎంత దూరమున నిలువవలెనో విసరువాని యిష్టము. పిరికివాడు మేకు ప్రక్కనే నిలుచును. జూదరి అందరాని దూరమున నిలుచును. కార్యసిద్ధి కోరువాడు తన శక్తికి కొంచెము మించిన దూరమున నిలిచి, తప్పినపుడు అడుగు సవరించుకొనును. వ్యాపారసాహస మనగా తెగింపు కాదనియు, లెక్కించిన పూనిక యనియు ఇంతకన్న సులభముగా బోధించు పాఠము మరియొకటి మాకు కానరాదు.

తరువాతి వత్సరములలో విచారింపగా, శిక్షణ పొందినవారిలో క్రొత్త పూనికలు చేసినవారు శిక్షణ లేనివారిలో కన్న స్పష్టముగా హెచ్చియుండిరి. ఈ ఫలితములు 1969లో గ్రంథరూపమున వెలువడినవి. అందు మనము శ్రద్ధతో గ్రహింపదగిన యంశములు రెండు. కులము గాని, పూజాపునస్కారములు గాని, వేషభాషలు గాని ఉన్నతికి అడ్డురాలేదు. పంచె కట్టినవాడును పైకి వచ్చెను. ఇది మొదటిది. శిక్షణ ఫలించినది ప్రధానముగా తన దుకాణమునకో కర్మాగారమునకో తానే కర్తయై నిర్ణయము చేయగలవారి యెడల మాత్రమే. ఇది రెండవది. చుక్కాని చేత నున్నవానికి చెప్పిన మాట పడవను త్రిప్పినది. ఒడ్డున కూర్చున్నవానికి చెప్పిన మాట గాలిలో కలిసినది. కొద్దిమందిపై జరిగిన పరీక్ష యగుటచే దానిని వేదవాక్యముగా కొనవలసిన పనిలేదు. అయినను అరువది యేండ్లకు పూర్వము కాకినాడ వర్తకులు నేర్పిన యీ పాఠమును మన కళాశాలలు తలక్రిందు చేసినవని చెప్పక తప్పదు. చేత చుక్కాని లేని యిరువది రెండేండ్ల బాలునికి రెండేండ్లు బోధించుచున్నాము. చుక్కాని పట్టిన రైతునకు, వర్తకునకు, పూతరేకులు చేయు గృహిణికి రెండు దినములైనను బోధించుట లేదు.

నవకల్పన యనగానే మనవారు ప్రయోగశాలయు తెల్లని యంగీయు తలంతురు. ఆస్ట్రియా దేశీయుడగు ఆర్థికశాస్త్రజ్ఞుడు షుంపీటర్ 1911లోనే ఆ భ్రమను తొలగించెను. క్రొత్త వస్తువు, క్రొత్త ఉత్పత్తి పద్ధతి, క్రొత్త విపణి, ముడిసరకునకు క్రొత్త యాధారము, వ్యాపారమునకు క్రొత్త కూర్పు, ఈ యైదింటిలో దేనిని సాధించినను అది నవకల్పనయే యని యాతని మతము. ఈ యైదింటిని మన సీమకు అన్వయించి చూడుడు. కొబ్బరి డొక్కను ఒకప్పుడు పొయ్యిలో పెట్టుచుంటిమి. అందుండి పీచు తీయగా మిగిలిన పొట్టు నర్సరీ మొక్కలకు ఆధారమగుట ముడిసరకునకు క్రొత్త యాధారము. గునపముతో వలుచు కాయను యంత్రముతో వలుచుట క్రొత్త పద్ధతి. పదిమంది రైతులు కలిసి కురిడీని తామే గ్రేడు చేసి అమ్ముకొనుట క్రొత్త కూర్పు. ఇందులకు కావలసినది లోకము కనివిని యెరుగని బుద్ధి గాదు. చూచు కన్నును, లెక్క వ్రాయు చేయియు చాలును.

మనకు దృష్టాంతము కావలెనన్న దూరము పోనక్కరలేదు. ఆత్రేయపురపు పూతరేకును చూడుడు. బోర్లించిన కుండను క్రింద మంటతో కాచి, బియ్యపు పిండి నీటిలో ముంచిన గుడ్డను దానిపై పరచి తీసినంతనే పొరయై లేచు ఆ రేకును మొట్టమొదట కనుగొన్న తల్లి పేరు చరిత్ర కెక్కలేదు. ఏ విశ్వవిద్యాలయమును ఆమెకు పట్టమీయలేదు. కాని ఆమె కల్పన నేడు ఎన్నో కుటుంబములకు జీవనాధారము. పంచదార రేకునకు తోడు బెల్లపు రేకు, జీడిపప్పు రేకు వచ్చినవి. అంగటిలో అమ్ముటకు తోడు అట్టపెట్టెలలో దూరదేశములకు పంపుట వచ్చినది. 2023లో ఆత్రేయపురపు పూతరేకునకు భౌగోళిక గుర్తింపు లభించినది. అనగా ఊరి పేరునకే చట్టరక్షణ కలిగినది. కల్పించుట, మార్చుట, విపణి వెదకుట, పేరును కాపాడుకొనుట, ఇవి నాలుగును నవకల్పన నిర్వహణ గ్రంథములందలి నాలుగు ప్రకరణములే గదా! జొన్నాడనుండి రాజమహేంద్రవరము పోవు దారిలోని కడియము ప్రాంతపు నర్సరీలును ఇట్టివే. పూలమొక్కలతో ఆరంభించి దేశపు నలుమూలలకు మొక్కలు పంపు వర్తకమును కట్టినవారు రైతులు. ఈ రెండింటిని పాఠ్యగ్రంథముగా వ్రాసి బోధించు వాణిజ్యకళాశాల యేది?

ఇట నొక యాక్షేపణ రావచ్చును. పూతరేకులవారును నర్సరీలవారును పాఠశాల లేకయే వృద్ధికి వచ్చిరి గదా, కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు ఏ బిజినెస్ స్కూలులో చదివి 1893లో బొంబాయిలో అమృతాంజనమును స్థాపించిరి, అని యడుగవచ్చును. యథార్థమే. కాని పంతులుగారు నేర్వకయే వర్తకుడు కాలేదు. పరుల వర్తకశాలలలో పనిచేసి, సరకు గుణము, కొనువాని మనస్సు, చిట్టా ఆవర్జాల మర్మము తెలిసికొని, పిమ్మట తన దుకాణము తెరచిరి. ఆ లాభముతో 1908లో ఆంధ్రపత్రికను స్థాపించి జాతికి వాక్కు నిచ్చిరి. ఆయనకు వర్తకశాలయే పాఠశాల యైనది. మేము కోరునదియు అదియే. అట్టి శిక్షణ నాడు అదృష్టవశమున ఒక్కనికి లభించినది. నేడు క్రమముగా వేయిమందికి లభింపవలెను.

మరియొక యాక్షేపణ ఇంతకన్న గట్టిది. రైతునకు కావలసినది బోధ కాదు, గిట్టుబాటు ధర యని పలువు రందురు. 2011లో కోనసీమ రైతులు సార్వా పంట వేయక విరామము ప్రకటించి దేశము నాశ్చర్యపరచిరి. పెట్టుబడి పెరిగి ధర పెరుగనప్పుడు నాగలి దించుటయే వారికి మిగిలిన వాదమైనది. అట్టివారికి మీరు వ్యవస్థాపకులు కండని హితవు చెప్పి, మురుగుకాలువల పూడిక తీయుట, ధాన్యము సకాలమున కొనుట, తక్కువ వడ్డీకి అప్పు నిచ్చుట అను తన ధర్మములనుండి ప్రభుత్వము తప్పించుకొన జూచిన యెడల, అట్టి బోధను మేము మొట్టమొదట గర్హింతుము. విద్య ధరకు బదులు కానేరదు. కాని ధర వచ్చినంత మాత్రమున విద్య యక్కరలేకపోదు. కాయగా అమ్మువానికి కాయ ధర పడిననాడు వేరు దారి లేదు. నూనెగా, పీచుగా, కురిడీగా అమ్మగలవానికి మూడు దారులు మిగులును. ఆ మూడు దారులు చూపుటయే మేము కోరు విద్య.

పేదవాడు నష్టమునకు ఓర్వజాలడనుట మూడవ యాక్షేపణ. దీనిని మేము పూర్తిగా అంగీకరింతుము. పట్టణపు ధనికుని కుమారుడు ఒక వ్యాపారము చెడిన మరియొకటి పెట్టును. లంక రైతు కుమారుడు ఒక్క మారు చెడినచో చెల్లెలి పెండ్లి ఆగును, పొలము తాకట్టు పడును. కావుననే ఇతనికి నేర్పవలసిన నవకల్పన వేరు. నూరు గెలలతో కాక పది గెలలతో చిప్సు చేసి చూడవలెను. నష్టమెంతవరకు ఓర్వగలనో ముందే కాగితముపై వ్రాసికొనవలెను. ఆ గీటు దాటిననాడు అభిమానమునకు పోక ఆపవలెను. ఏల చెడినదో వ్రాసి పరులకు చెప్పవలెను. మన సభలలో గెలిచినవానికే పూలదండ వేయుదుము. నిజాయితీతో చెడినవాని లెక్కపుస్తకము గెలిచినవాని యుపన్యాసముకన్న నూరింతలు విలువైన పాఠము.

కావున మేము సూచించునవి కొన్ని కలవు. ఎం.బి.ఏ. చదువు ప్రతి విద్యార్థియు కొన్ని వారములైనను రావులపాలెపు అరటి విపణిలోనో, అంబాజీపేట కొబ్బరి కొట్టులోనో, ఆత్రేయపురపు ఇంటి యరుగుమీదనో పనిచేసి, ఒక్క సరకు చెట్టునుండి కొనువాని చేతివరకు పోవు దారియంతయు, అడుగడుగున చేరు వెలతో సహా, లెక్కగట్టి చూపవలెను. అదియే యతని పరీక్షగా నుండవలెను. కళాశాల గురువులు సాయంకాలములందు జొన్నాడ వంటి కూడలి గ్రామములకు వచ్చి, పఠనమందిరములందు, రచ్చబండలయొద్ద, చుక్కాని పట్టినవారికే బోధింపవలెను. ఆ బోధ తెలుగున జరుగవలెను. లెక్క తెలిసినవానికి ఇంగ్లీషు తెలియకపోవుట లోపము గాదు. ఇంగ్లీషు తెలిసినవానికి లెక్క తెలియకపోవుటయే లోపము. స్త్రీల పొదుపు సంఘములను బోధనకు వెలుపల నుంచరాదు. పూతరేకు చరిత్ర మనకు నేర్పునది అదియే.

2025లో మంగళగిరిలో రతన్ టాటా పేర నవకల్పన కేంద్రము ప్రారంభింపబడినది. దానికి రాజమహేంద్రవరమున శాఖ నేర్పరచి, కుటుంబమునకొక వ్యాపారవేత్త కావలెనని ప్రభుత్వము నినదించినది. నినాదము మంచిదే. రాజమహేంద్రవరమునకు జొన్నాడ దూరము కాదు. ఆ శాఖ అద్దాల మేడలో కంప్యూటరు నేర్చినవారికే పరిమితమగునో, లేక గౌతమి దాటి డొక్క వలుచువాని దరికి వచ్చునో యనుటను బట్టియే దాని విలువ తేలును. కుటుంబము లున్నవి పల్లెలందు గదా!

ఇది మనకు క్రొత్త యూహయు గాదు. వందేమాతరోద్యమపు వేడిలో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య ప్రభృతులు మచిలీపట్టణమున జాతీయ కళాశాల నెలకొల్పినపుడు, పుస్తకవిద్యతో చేతిపనిని జోడించుటయే వారి సంకల్పము. గుమాస్తాలను తయారుచేయు చదువు దాస్యమునకు తోబుట్టువని వారు గుర్తించిరి. ఆ పట్టాభిగారే 1923లో అదే పట్టణమున ఆంధ్రాబ్యాంకును స్థాపించి, తెలుగువారి సొమ్ము తెలుగువారి పూనికలకు అందు మార్గము చూపిరి. ఆ బ్యాంకు 2020లో యూనియన్ బ్యాంకులో విలీనమై పేరు పోగొట్టుకొన్నను, విద్యయు ధనమును పూనికయు ఒక్కచోట కూడవలెనను ఆ పాఠము చెరగిపోలేదు. స్వరాజ్యము వచ్చి ఏడు దశాబ్దములు దాటినది. పరప్రభువుల కచ్చేరీలో గుమాస్తా కావలెనను కోరిక పోయి, పరదేశపు కంపెనీలో గుమాస్తా కావలెనను కోరిక వచ్చినచో, మనము మార్చుకొన్నది యజమానిని మాత్రమే.

1847 నుండి 1852 వరకు ధవళేశ్వరమున కాటన్ దొర ఆనకట్ట కట్టించుటకు పూర్వమును గోదావరిలో నీరుండెను. అది కండ్లయెదుట సముద్రము పాలగుచుండెను. ఒడ్డున పొలములు ఎండుచుండెను. ఆయన క్రొత్తగా నీటిని సృష్టింపలేదు, ఉన్న నీటిని పొలమువైపు త్రిప్పెను. నేడు మన బిడ్డల తెలివి అట్లే జొన్నాడ వారధి దాటి ప్రవహించుచున్నది. పోవలదని వారిని కట్టివేయుట అధర్మము, అసాధ్యము కూడ. కాని ఆ ప్రవాహములో ఒక పాయనైనను ఇంటి పొలమువైపు త్రిప్పగల ఆనకట్ట విద్యయే. దానిని పట్టణములందు కట్టి పల్లెలకు నీరు రాలేదని వగచుటలో ప్రయోజనము లేదు. పాఠశాలాధికారులు ఒక్క సాయంకాలము జొన్నాడకు వచ్చి వారధిపై పోవు లారీలను లెక్కింపవలెనని మా ప్రార్థన. పాఠ్యప్రణాళిక యేది కావలెనో ఆ లారీలే చెప్పగలవు.